ఇంట్లో కట్టిన విమానానికి అప్పు ఎలా పుడుతుంది?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "మామూ, రెండు సీట్ల చిన్న విమానం ఒకటి బేరానికి వచ్చింది. ఎవరో పెద్దమనిషి ఇంట్లో కట్టుకున్నదట. ఇంటి మీద లోన్ తీసి కొందామనుకుంటున్నాను" అన్నాడనుకోండి. గుంటూరులోనో కర్నూలులోనో కూర్చున్న మనకు వెంటనే ఏం చెప్పాలో తోచదు. వద్దు అనడం తేలిక. కానీ అతను పిల్లవాడు కాడు, సంపాదనపరుడు, ఎగరడానికి లైసెన్సు కూడా ఉంది. వద్దు అనేముందు, సరే అనేముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అప్పు ఇచ్చేవాళ్ళూ, హామీ సంతకం పెట్టేవాళ్ళూ, బంధువుకు చేబదులుగా లక్షలు సర్దేవాళ్ళూ మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు కనుక, ఈ విషయాన్ని డబ్బు ఇచ్చేవాడి వైపు నుంచి పరిశీలిద్దాం. అమెరికా చట్టం, అక్కడి పద్ధతులే ఇక్కడ చెబుతున్నాను.

ముందు వస్తువు సంగతి. సెస్నా 172 లాంటి ఫ్యాక్టరీ విమానానికి ప్రభుత్వం ఆమోదించిన ఒక నమూనా ఉంటుంది. అలాంటివి నలభై వేలకు పైగా తయారయ్యాయి. ఒకటి చూస్తే మిగతావి ఎలా ఉండాలో మెకానిక్కుకు తెలుసు, ధర ఎంత పలకాలో బ్యాంకుకు తెలుసు. హోమ్‌బిల్ట్ అలా కాదు. అక్కడి విమానయాన శాఖ అయిన ఎఫ్‌ఏఏ దీన్ని 'ఎక్స్‌పెరిమెంటల్, అమెచ్యూర్ బిల్ట్' అనే తరగతి కింద అనుమతిస్తుంది. షరతు ఏమిటంటే, విమానంలో ఎక్కువ భాగం పనిని సొంత సరదా కోసమో, నేర్చుకోవడం కోసమో ఔత్సాహికులే చేసి ఉండాలి. జనం దీన్ని 51 శాతం నిబంధన అంటారు. కిట్ కంపెనీ రేకులు కోసి, రంధ్రాలు వేసి పంపుతుంది. గ్యారేజీలో కూర్చుని వేల రివెట్లు కొట్టేది మాత్రం ఒక ఇంజనీరో, డెంటిస్టో, రిటైరైన బస్సు డ్రైవరో. ఒకే కిట్ నుంచి పుట్టిన రెండు విమానాలు అన్నదమ్ముల్లా ఉంటాయి గాని కవలల్లా ఉండవు. అప్పు ఇచ్చేవాడి భయమంతా ఈ ఒక్క తేడా దగ్గరే మొదలవుతుంది.

ఈ భయం ఉత్తిదేం కాదు. 1997 అక్టోబరు 12న ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలో మాంటెరే తీరాన సముద్రంలో కూలి మరణించారు. ఆయన నడిపింది లాంగ్-ఈజీ అనే హోమ్‌బిల్ట్. రూపకల్పన బర్ట్ రుటాన్‌ది. కట్టింది మరొకరు. డెన్వర్ దాన్ని అప్పుడే కొన్నారు. ఆయన కొత్త పైలట్ కాదు, రెండు వేల గంటలకు పైగా ఎగిరిన అనుభవం ఉంది. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు ఇంధనం మార్చే పిడి అసలు నమూనాలో పైలట్ ముందు, కాళ్ళ మధ్య ఉండాలి. కట్టినతను దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. వెనక్కి తిరిగి అందుకోవాలి, పైగా దాని మీద గుర్తులు కూడా లేవు. ప్రమాదాన్ని విచారించిన సంస్థ ఆ మార్పునూ, ఆ విమానం మీద తగిన శిక్షణ లేకపోవడాన్నీ కారణాల్లో రాసింది. కట్టినతను ఏదో ఉద్దేశంతోనే మార్చి ఉంటాడు. విమానంతో పాటు ఆ నిర్ణయం కూడా కొన్నవాడికి చేరింది. సెకండ్ హ్యాండ్ హోమ్‌బిల్ట్ కొనేవాడు ఎప్పుడూ ముక్కూమొహం తెలియని మనిషి చేతిపనినీ, బుద్ధినీ కలిపి కొంటున్నాడు.

అప్పు ఇచ్చేవాడు అడిగేవి

విమానాలకు అప్పులిచ్చే సంస్థల్లో కొన్ని హోమ్‌బిల్ట్ అనగానే తలుపు వేసేస్తాయి. ఇచ్చేవి కూడా కొన్ని పేరున్న నమూనాలకే ఇస్తాయి. ఆరెగన్ రాష్ట్రంలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి ఆర్‌వీ వరుస వాటిలో ముఖ్యం. అవి వేల సంఖ్యలో ఎగురుతున్నాయి కాబట్టి, వాయిదాలు ఆగిపోయి విమానం వెనక్కి తీసుకున్నా కొనేవాడు దొరుకుతాడని వాళ్ళ ధీమా. ఎక్కడా వినని నమూనా, నక్షా చూసి చెక్కతో కట్టినది అయితే ఎంత ముచ్చటగా ఉన్నా అప్పు పుట్టదు. సగం కట్టిన విమానానికి అసలే పుట్టదు. సగం కట్టిన ఇంటికి కనీసం కింద స్థలం విలువైనా మిగులుతుంది. సగం కట్టిన విమానం చాలాసార్లు విడిభాగాల ఖరీదు కూడా చేయదు.

ఫ్యాక్టరీ విమానానికి 15, 20 శాతం చేతి డబ్బు అడిగే సంస్థ హోమ్‌బిల్ట్‌కు అంతకంటే ఎక్కువ అడగడం మామూలే. వడ్డీ కొంచెం ఎక్కువ, గడువు కొంచెం తక్కువ. ఆపైన కాగితాలు. ఎగరడానికి యోగ్యమని ఇచ్చిన సర్టిఫికెట్టు, దాంతో పాటు ఇచ్చిన ఎగిరే షరతుల పత్రం, ఇంజన్‌కూ బాడీకీ వేర్వేరు లాగ్‌బుక్‌లు, బరువు లెక్కల కాగితం. కొత్తగా కట్టిన విమానాన్ని మొదట ప్రయాణికులు లేకుండా, నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగిరి పరీక్షించాలి. సర్టిఫికెట్టున్న ఇంజనూ ప్రొపెల్లరూ జతగా ఉంటే సాధారణంగా 25 గంటలు, లేకపోతే 40 గంటలు. ఆ గంటలు పూర్తయినట్టు లాగ్‌బుక్‌లో రాసి ఉంటేగాని అప్పిచ్చేవాడు మాట్లాడడు. బేరం కుదిరింది గదా అని చాలామంది ఈ పుస్తకాలను పైపైన తిరగేస్తారు. అసలు విలువ ఉన్నది అందులోనే. కట్టేటప్పుడు తీసిన ఫోటోలు, ఏ రోజు ఏ పని చేశాడో రాసుకున్న నోటుబుక్కు కూడా దొరికితే ఆ విమానం గురించి సగం తెలిసినట్టే. రెక్క మూసేశాక లోపల ఏముందో మళ్ళీ చూడటం కష్టం. ఆ ఫోటోలే సాక్ష్యం.

మన దగ్గర స్థలం కొనేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తాం కదా. అక్కడ విమానానికి ఆ పని ఓక్లహామా సిటీలో జరుగుతుంది. దేశంలోని విమానాల రిజిస్ట్రేషను, అమ్మకపు పత్రాలు, వాటి మీది తాకట్లు ఎఫ్‌ఏఏ అక్కడే నమోదు చేస్తుంది. చిన్న రుసుము తీసుకుని ఆ రికార్డు వెతికి నివేదిక ఇచ్చే కంపెనీలు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఎప్పుడో 2006లో తీర్చేసిన అప్పు తాలూకు విడుదల పత్రం నమోదు కాక, తాకట్టు రికార్డులో అలాగే ఉండిపోవడం అరుదేమీ కాదు. దాన్ని తొలగించే బాధ్యత డబ్బు చేతులు మారకముందు అమ్మేవాడిది. చేతులు మారాక అది కొన్నవాడి తలనొప్పి.

ఇక మనవాళ్ళకు ప్రత్యేకంగా తెలియవలసిన మాట ఒకటి ఉంది. అమెరికాలో విమానాన్ని ఒక వ్యక్తి తన పేర రిజిస్టరు చేసుకోవాలంటే అతను ఆ దేశపు పౌరుడై ఉండాలి, లేదా గ్రీన్ కార్డున్న శాశ్వత నివాసి అయి ఉండాలి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు, జీతం ఎంతైనా సరే, తన పేర రిజిస్టరు చేసుకోలేడు. దీనికి ట్రస్టు పద్ధతి ఒకటి ఉంది. కానీ దాని ఖర్చు, లాయరు ఫీజు కలిపితే ఇంత చిన్న విమానానికి గిట్టుబాటు కాదు. వ్యాపార భాగస్వామ్యంగా రిజిస్టరు చేస్తే ప్రతి భాగస్వామీ అమెరికా పౌరుడైన వ్యక్తే కావాలి, అక్కడ గ్రీన్ కార్డు కూడా పనికిరాదు. నలుగురు స్నేహితులు కలిసి బయానా ఇచ్చేశాక ఈ సంగతి బయటపడితే ఆ బయానా ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

లెక్క

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవే, మార్కెట్ ధరలుగా భావించవద్దు. రెండు సీట్ల ఆర్‌వీ-6, ధర 80,000 డాలర్లు. చేతి డబ్బు 16,000. అప్పు 64,000. వడ్డీ 9 శాతం, గడువు 15 ఏళ్ళు. నెల వాయిదా 649 డాలర్లు వస్తుంది. పదిహేనేళ్ళలో కట్టేది మొత్తం 1,16,800 పైచిలుకు. అందులో వడ్డీయే 52,800 దాటుతుంది. పదేళ్ళకు కుదిస్తే వాయిదా 811 డాలర్లు, వడ్డీ మొత్తం 33,300 దాకా. నెలకు 162 డాలర్లు ఎక్కువ కట్టగలిగితే దాదాపు 19,500 డాలర్లు మిగులుతాయన్నమాట.

ఇది ఎవరైనా వేసే లెక్కే. విమానానికి ఇంకో పద్దు ఉంది. పదిహేనేళ్ళ అప్పులో అయిదేళ్ళు క్రమం తప్పకుండా కడితే మొత్తం 38,900 డాలర్లు కట్టినట్టు. అసలులో తగ్గేది మాత్రం 12,800 కంటే తక్కువే. ఇంకా 51,200 బాకీ నిలిచి ఉంటుంది. ఈ అయిదేళ్ళలో ఏడాదికి 100 గంటల చొప్పున 500 గంటలు ఎగిరాడనుకోండి. ఆర్‌వీ-6లో వాడే లైకమింగ్ ఇంజన్లకు మామూలుగా 2,000 గంటలకు ఓవర్‌హాల్ చేయించమని తయారీదారు సలహా. సొంతానికి ఎగిరేవాడికి అది చట్టం కాదు గాని, ధర కట్టేవాళ్ళందరూ దాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు. కొనేనాటికే ఇంజన్ 1,500 గంటలు నడిచి ఉంటే, అయిదో ఏడు ముగిసేసరికి ఓవర్‌హాల్ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆ ఖర్చు పదివేల డాలర్లలోనే మాట్లాడుకోవాలి, వేలల్లో కాదు. బాకీ 51,000, ఇంజన్ అరిగిపోయింది, అప్పుడు అమ్మకానికి పెడితే వచ్చేది బాకీకి సరిపోతుందా? కొనేరోజునే వేసుకోవలసిన లెక్క ఇది. ఎగిరిన ప్రతి గంటకూ ఇంజన్ పేర కొంత సొమ్ము విడిగా దాచేవాళ్ళు ఉన్నారు. అలా దాచేవాడికి అప్పు ఇవ్వడానికి నేనైతే వెనుకాడను.

హ్యాంగరు అద్దె, బీమా, పెట్రోలు, ఏటా చేయించే తనిఖీ వీటికి అదనం. తనిఖీ విషయంలో ఒక మెలిక ఉంది. విమానాన్ని కట్టినవాడికి ఎఫ్‌ఏఏ రిపేర్‌మన్ సర్టిఫికెట్టు ఇస్తుంది. దానితో తన విమానానికి ఏటా జరిగే తనిఖీ తానే చేసుకోవచ్చు. ఆ హక్కు మనిషిది, విమానానిది కాదు. అమ్మినప్పుడు కొన్నవాడికి రాదు. కొన్నవాడు చిన్నాపెద్దా మరమ్మతులు సొంతంగా చేసుకోవచ్చు గాని, వార్షిక తనిఖీకి మామూలుగా లైసెన్సున్న మెకానిక్కును పిలవాలి, లేదా కట్టినాయననే బతిమాలాలి. "నాకేం ఖర్చు లేదు, అన్నీ నేనే చూసుకున్నా" అని అమ్మేవాడు చెప్పే మాట నిజమే. ఆ మాట కొన్నవాడికి వర్తించదు. రాష్ట్రాన్ని బట్టి కొన్న తర్వాత అమ్మకపు పన్నో, వాడకపు పన్నో నోటీసు కూడా రావచ్చు. దాన్ని ముందే కనుక్కోవాలి.

ఇంటి మీద తెచ్చిన డబ్బు

విమానాన్ని చూసి అప్పు ఇవ్వడానికి సంస్థలు వెనుకాడతాయి కాబట్టి చాలామంది ఇంటి మీద తెస్తారు. ఇల్లు కొని పదేళ్ళయి, విలువ పెరిగి ఉంటే బ్యాంకు సంతోషంగా ఇస్తుంది. విమానం ఏ నమూనా, లాగ్‌బుక్ ఎక్కడ అని ఒక్క ప్రశ్న అడగదు. వడ్డీ కూడా తక్కువ. అందుకే ఈ దారి సుఖంగా కనిపిస్తుంది. ప్రశ్నలు అడగకపోవడానికి కారణం ఒకటే, విమానం ఏమైపోయినా ఆ బ్యాంకుకు ఇల్లుంది. విమానం మీద అప్పిచ్చే సంస్థ పెట్టే బాధలు, అంటే రికార్డు వెతికించడం, తనిఖీ చేయించు అనడం, బీమా లేనిదే డబ్బు ఇవ్వననడం, అన్నీ తన డబ్బు కోసం చేసేవే అయినా కొనేవాడిని కూడా కాపాడతాయి. ఇంటి మీద తెచ్చినవాడికి ఆ కాపలా లేదు. అతను ఆ ప్రశ్నలన్నీ తనకు తానే వేసుకోవాలి. ఇంటి మీద తెచ్చిన అప్పును ఇల్లు కొనడానికో, కట్టడానికో, బాగు చేసుకోవడానికో వాడకపోతే ఆ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. 2018 నుంచి ఇదే నిబంధన.

కొనడానికి బదులు కిట్ తెచ్చి సొంతంగా కట్టుకునేవాళ్ళ పద్ధతి వేరు. మన ఊళ్ళలో ఈ ఏడు పునాది, వచ్చే ఏడు గోడలు, కూతురి పెళ్ళయ్యాక స్లాబు అన్నట్టు, వాళ్ళు తోక భాగం కిట్ ఒకటి కొని మొదలుపెడతారు. అది పూర్తయ్యేలోగా రెక్కలకు డబ్బు కూడబెడతారు. తర్వాత బాడీ, చివరికి ఇంజనూ ప్రొపెల్లరూ పరికరాలూ. అప్పు అక్కరలేదు, ఓపిక కావాలి. మధ్యలో ఆగిపోయే ప్రాజెక్టులూ చాలానే ఉంటాయి.

ఈ పద్ధతిలో కూడా ఒక రహస్యపు అప్పు ఉంది. కిట్‌కు ముందుగా కట్టే డిపాజిట్టు మనం కంపెనీకి ఇచ్చిన అప్పే. పైగా ఏ తాకట్టూ లేని అప్పు. 2023 డిసెంబరులో వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అంతటి కంపెనీ దివాలా చట్టం కింద రక్షణ కోరింది. లేజర్‌తో కోసిన భాగాల్లో పగుళ్ళ సమస్య, పెరిగిన ఖర్చులు, అంతకుముందే తక్కువ ధరకు ఒప్పుకున్న ఆర్డర్లు అన్నీ కలిసి నగదు కరువైంది. డిపాజిట్లు కట్టి ఎదురుచూస్తున్నవారి ముందు రెండే దారులు మిగిలాయి. దాదాపు మూడో వంతు పెరిగిన కొత్త ధరకు ఒప్పుకోవడం, లేదా అప్పులవాళ్ళ వరుసలో నిలబడటం. 2024లో కోర్టు ఆమోదంతో కంపెనీ తేరుకుని నడుస్తోంది, అది మంచిదే. అంత పేరున్నచోటే ఇలా జరిగిందంటే, ఎవరికీ తెలియని కంపెనీకి మొత్తం సొమ్ము ముందే పంపడం గురించి వేరే చెప్పాలా?

కలిసి కొనడం

వడ్డీ వద్దనుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ విషయంలో ధర్మసూక్ష్మాలు చెప్పవలసింది ఉలమాలు, ఈ వ్యాసం కాదు. లెక్క ప్రకారం మాత్రం ఒకటి చెప్పవచ్చు. అమెరికా చిన్న విమానాల లోకంలో వడ్డీతో పని లేని దారి ఎప్పటి నుంచో ఉంది, అందరికీ అలవాటే. నలుగురు కలిసి కొంటారు. 80,000 డాలర్ల విమానంలో ఒక్కొక్కరిది 20,000. హ్యాంగరు, బీమా, తనిఖీ నాలుగు వాటాలు. ఇంజన్ నిధికి ఎగిరినవాడు గంటకు ఇంత అని వేస్తాడు. ఒక్కడు కొన్న విమానం వారంలో ఆరు రోజులు షెడ్డులో పడి ఉంటుంది, కాబట్టి నలుగురికీ పెద్దగా ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది వచ్చేది విడిపోయేటప్పుడు. ఒకరికి బదిలీ అయితే అతని వాటా ఎవరు కొనాలి, ఏ ధరకు, ఎన్ని నెలల్లో? ఒకరు దిగేటప్పుడు చక్రం విరగ్గొడితే బీమా కట్టని మొదటి భాగం ఎవరిది? ఒకరు చనిపోతే అతని భార్యకు సొమ్ము ఎప్పుడు ముడుతుంది? స్నేహం మీద నమ్మకంతో ఇవి రాసుకోకుండా మొదలుపెట్టినవాళ్ళకు చివరికి విమానమూ మిగలదు, స్నేహమూ మిగలదు. బీమా కంపెనీ కూడా నలుగురిలో తక్కువ అనుభవం ఉన్నవాడిని చూసే ధర కడుతుంది. ఆ తేడా ఎవరు భరించాలో కూడా ముందే తేల్చుకోవాలి.

బంధువు ఖర్జె హసనాగా ఇచ్చినా సరే, బ్యాంకు అడిగే కాగితాలన్నీ అడగాలని నా అభిప్రాయం. అది అపనమ్మకం కాదు. కావాలంటే ఆ బంధువు కూడా ఒప్పంద పత్రం రాయించి ఓక్లహామాలో తన హక్కు నమోదు చేయించుకోవచ్చు. డబ్బు ఇచ్చే రోజుకు ముందు ఆ నమూనాను బాగా ఎరిగిన మెకానిక్కు చేత, అమ్మేవాడికి సంబంధం లేనివాడి చేత, విమానం విప్పించి చూపించాలి. విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ కేంద్రంగా నడుస్తున్న, 1953లో పుట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌కు దేశమంతటా స్థానిక శాఖలున్నాయి. అదే రకం విమానం కట్టినవాడు అక్కడ దొరుకుతాడు. అతను పది నిమిషాలు చూసి చెప్పే మాట కొన్నిసార్లు వేల డాలర్లు చేస్తుంది.

బీమా సంగతి చివర చెబుతున్నా, చేయవలసింది మొదట. బయానా ఇచ్చేముందే బీమా ఏజెంటుకు ఫోన్ చేయాలి. ఆ నమూనాకు బీమా ఇస్తారా, మేనల్లుడి అనుభవానికి ఇస్తారా, ఎన్ని గంటల శిక్షణ తీసుకోమంటారు? వేగంగా పోయే కొన్ని ఫైబర్ విమానాలకు ఎంత డబ్బు పెట్టినా బీమా దొరకడం కష్టం. బీమా దొరకనిదానికి అప్పు పుట్టదు. అప్పిచ్చిన సంస్థ బీమాలో తన పేరు కూడా రాయిస్తుంది. పైలట్ పాలసీ షరతు తప్పి విమానం పాడుచేసినా తన బాకీ తనకు వచ్చేలా ఒక అదనపు షరతు పెట్టిస్తుంది. ఆ షరతు సంస్థను కాపాడుతుంది. ఇంట్లోవాళ్ళను కాదు. అతని జీవిత బీమా పాలసీ తీసి చదవాలి. సొంతంగా విమానం నడుపుతూ చనిపోతే సొమ్ము ఇవ్వమని రాసి ఉన్న పాలసీలు కొన్ని ఉంటాయి. అలా ఉంటే అప్పు మిగులుతుంది, విమానం మిగలదు, బీమా రాదు. వాయిదాలు కట్టవలసింది భార్య. అందుకే ఆ ఫోన్ వచ్చినప్పుడు మేనల్లుడితో మాట్లాడటం అయ్యాక, ఫోన్ ఒకసారి కోడలికి ఇవ్వమని అడగండి. అప్పు పత్రం, జీవిత బీమా కాగితం ఆమె చదివిందో లేదో కనుక్కోండి.